హెచ్‌ఐవీ ఉన్నవారి రక్తంలో న్యూట్రోఫిల్స్: సీబీపీ రిపోర్టు చేతిలో పట్టుకుని అడిగే ప్రశ్నలు

నల్గొండలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. డాక్టర్‌ని కాను. ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అదుపులో పెట్టే మందులు వాడేవాళ్లు కొందరు సీబీపీ, అంటే రక్తకణాల లెక్క, రిపోర్టు తీసుకున్నాక గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి ముందుకి చూసి, గొంతు తగ్గించి ఒక్కో ప్రశ్న అడుగుతారు. సీడీ4 కణాల గురించి, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందన్నది) గురించి ఏఆర్‌టీ సెంటర్‌లో కౌన్సెలర్లు ఓపికగా చెబుతారు. న్యూట్రోఫిల్ అనే తెల్లకణం గురించి మాత్రం చెప్పేవాళ్లు తక్కువ, తెల్లకణాల్లో ఏ రకం ఎంత శాతమో చెప్పే డిఫరెన్షియల్‌లో సాధారణంగా అన్నిటికన్నా పెద్ద అంకె అదే అయినా. ఆ ప్రశ్నలకు నాకు తెలిసినంతలో, డాక్టర్లను అడిగి సరిచూసుకున్నంతలో జవాబులు ఇవి.

రిపోర్టులో న్యూట్రోఫిల్స్ ఎక్కడ ఉంటాయి?

తెల్లకణాల మొత్తం సంఖ్య చెప్పే టోటల్ కౌంట్ అనే లైను కింద డిఫరెన్షియల్ కౌంట్ ఉంటుంది. అందులో మొదటి పేరు ఇదే. కొన్ని ల్యాబులు పాత అలవాటు కొద్దీ పాలీమార్ఫ్స్ అని రాస్తాయి, రెండూ ఒకటే. పెద్దవాళ్లలో మామూలుగా తెల్లకణాల్లో 40 నుంచి 70 శాతం ఇవే ఉంటాయి.

స్లైడుకు లీష్మన్ రంగు పట్టించి, మీద నూనె చుక్క వేసి పెద్ద లెన్సు కింద పెడితే వీటిని పోల్చుకోవడం తేలిక. లేత గులాబీ రంగు కణం, లోపల ఊదారంగు కేంద్రకం. ఆ కేంద్రకం ఒకే ముద్దగా ఉండదు, 2 నుంచి 5 ముక్కలుగా ఉంటుంది. ముక్కకూ ముక్కకూ మధ్య సన్నటి దారం లాంటి కొస ఉంటుంది. కొత్తలో నేను వాటిని లెక్కపెట్టడం మానేసి చూస్తూ కూర్చునేవాణ్ని.

శాతం నార్మల్‌గానే ఉంది కదా, డాక్టర్ గారు తక్కువ అన్నారేంటి?

శాతం మనల్ని మోసం చేస్తుంది. అసలు సంఖ్య కావాలి. టోటల్ కౌంట్‌ను న్యూట్రోఫిల్ శాతంతో గుణించి 100తో భాగించండి. టోటల్ 2,000, న్యూట్రోఫిల్స్ 60 శాతం అయితే వచ్చేది 1,200. శాతం పక్కన ఏ గుర్తూ ఉండదు, చూడటానికి చక్కగా ఉంటుంది, కానీ కణాలు తక్కువే. 1,500 కంటే తగ్గితే న్యూట్రోపీనియా అంటారు. 1,000 దిగితే డాక్టర్లు దగ్గరగా గమనిస్తారు. 500 దిగితే అది ప్రమాదం.

ఈ సంఖ్యను ఏఎన్‌సీ అంటారు. గర్భిణీల పరీక్షనూ మన దగ్గర ఏఎన్‌సీ అనే అంటారు కాబట్టి గందరగోళం తప్పదు. చీటీ మీద ఆ మూడక్షరాలు చూసి ఒక అక్కను గర్భిణీల లైన్‌లో గంటసేపు నిలబెట్టారట. "నాకు యాభై రెండేండ్లు బిడ్డా" అని వాళ్లకు చెప్పి చెప్పి అలసిపోయానని మా దగ్గరికొచ్చి నవ్వింది.

సీడీ4 బాగుంటే న్యూట్రోఫిల్స్ కూడా బాగున్నట్టేనా?

కాదు. రెండూ తెల్లకణాలే, కానీ పనులు వేరు. సీడీ4 కణాలు లింఫోసైట్లలో ఒక రకం, రోగనిరోధక వ్యవస్థకు మేస్త్రీల లాంటివి. హెచ్‌ఐవీ ప్రధానంగా వాటిలోకే దూరి వాటినే చంపుతుంది. న్యూట్రోఫిల్స్ కూలీలు. ముల్లు గుచ్చుకున్నా, పుండు పడ్డా, బాక్టీరియా లోపలికి వచ్చినా అక్కడికి ముందు చేరేది అవే. ఎముక మూలుగ రోజుకు దాదాపు 10,000 కోట్ల న్యూట్రోఫిల్స్ తయారు చేస్తుంది. రక్తంలో వాటి ఆయుష్షు గంటల లెక్కే.

ఏ కణం తగ్గిందన్నదాన్ని బట్టి వచ్చే జబ్బు మారుతుంది. నోట్లో తెల్లగా పూసి అన్నం మింగలేకపోవడం, అంటే నోటి కాండిడా, ఎక్కువగా సీడీ4 తగ్గినప్పుడు వస్తుంది. అదే ఫంగస్ రక్తంలోకి ఎక్కడానికి మాత్రం న్యూట్రోఫిల్స్ బాగా పడిపోవడం ఒక ముఖ్య కారణం.

హెచ్‌ఐవీ న్యూట్రోఫిల్‌లోకి కూడా దూరుతుందా?

దాని అసలు గూడు అది కాదు. అలాగని సంబంధం లేకుండా పోదు. వైరస్ జన్యు పదార్థాన్ని పసిగట్టే గ్రాహకాలు న్యూట్రోఫిల్‌లో ఉన్నాయి. ఇవి తమ డీఎన్‌ఏనే బయటికి వల లాగా విసిరి క్రిములను చిక్కించుకోగలవని 2004లో బయటపడింది. ఆ వలలో హెచ్‌ఐవీ కణాలు కూడా చిక్కుతాయని ఆ తర్వాత ల్యాబ్‌లలో చూశారు. ఈ వల విసిరే పనిని మందగింపజేసే దారి వైరస్‌కు ఉందని కూడా వాటిలోనే తేలింది.

కణానికి మెటబాలిజం ఏంటి? అది కూడా తిండి తింటుందా?

తింటుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను.

మిర్యాలగూడ వైపు బియ్యం మిల్లుల్లో బాయిలర్ చూసి ఉంటారు. వడ్లు ఉడకబెట్టడానికి అందులో ఊక పోసి మండిస్తారు. ఊక భగ్గున అంటుకుంటుంది, ఆవిరి వెంటనే తయారవుతుంది, కానీ పోస్తూనే ఉండాలి. అదే పొయ్యిలో తుమ్మ మొద్దు పెడితే నిదానంగా అంటుకుని రాత్రంతా కాలుతుంది. మన ఒంట్లో చాలా కణాలు తుమ్మ మొద్దు రకం. మైటోకాండ్రియా అనే పొయ్యిల్లో ఆక్సిజన్‌తో గ్లూకోజ్‌ను పూర్తిగా కాల్చి, ఒక్కో గ్లూకోజ్ నుంచి 30 వరకు ఏటీపీలు తీస్తాయి. ఏటీపీ అంటే కణం ఖర్చు పెట్టుకునే చిల్లర. న్యూట్రోఫిల్ ఊక బాయిలర్ రకం. దానిలో మైటోకాండ్రియా తక్కువ. గ్లూకోజ్‌ను సగంలోనే విరిచి 2 ఏటీపీలు తీసుకుని సరిపెట్టుకుంటుంది. ఈ పద్ధతి పేరు గ్లైకాలిసిస్.

ఇంత దుబారా దేనికి అంటారా? అది పనిచేసే చోటు అలాంటిది. చీము పట్టిన పుండు లోపల ఆక్సిజన్ దాదాపు ఉండదు. అక్కడ తుమ్మ మొద్దు అంటుకోదు. పైగా న్యూట్రోఫిల్ గ్లైకోజెన్ రూపంలో కొంత ఇంధనాన్ని ముందే తనలో దాచుకుని బయల్దేరుతుంది, పనికి పోయేవాళ్లు సద్ది మూట కట్టుకున్నట్టు.

గ్లూకోజ్‌కు ఇంకో పని కూడా ఉంది. అందులో కొంత భాగాన్ని న్యూట్రోఫిల్ పక్క దారిలోకి మళ్లించి ఎన్‌ఏడీపీహెచ్ అనే పదార్థం తయారు చేసుకుంటుంది. క్రిమిని మింగాక ఈ ఎన్‌ఏడీపీహెచ్‌ను ఖర్చు పెట్టి ఆక్సిజన్‌ను సూపర్ ఆక్సైడ్‌గా, అక్కడి నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. చివర మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ దాంతో హైపోక్లోరస్ ఆమ్లం తయారు చేస్తుంది. బావిలో చల్లే బ్లీచింగ్ పౌడర్ క్రిములను చంపేది కూడా ఆ ఆమ్లంతోనే. ఆ ఎంజైమ్ రంగు ఆకుపచ్చ. చీములో కనిపించే ఆ పచ్చదనం చాలావరకు దానిదే.

ఆ పక్క దారికి గేటు జీ6పీడీ అనే ఎంజైమ్. కొందరిలో అది పుట్టుకతోనే తక్కువ. అలాంటివాళ్లకు డాప్సోన్, ప్రైమాక్విన్ లాంటి మందులు ఇస్తే ఎర్రకణాలు పగిలిపోతాయి. జీ6పీడీ పరీక్ష రాశారంటే కారణం ఇదే, కంగారు పడకండి.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో ఈ ఇంధనం సంగతి ఏమవుతుంది?

మందులు మొదలుపెట్టనివాళ్లలో న్యూట్రోఫిల్స్ ఎప్పుడూ సగం ఉద్రేకంలో ఉంటాయి. శత్రువు ఎదురుగా లేకపోయినా ఒంట్లో ప్రమాద సంకేతాలు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి బాయిలర్ ఆర్పే వీలు చిక్కదు. ఊక వృథాగా కాలిపోతుంది. నిజంగా బాక్టీరియా వచ్చిన రోజు మింగే శక్తి, చంపే శక్తి తగ్గి ఉంటుంది. కణాలు ఉండాల్సినంత కాలం ఉండకుండా త్వరగా చనిపోతాయి కూడా. కౌంట్ నార్మల్‌గా ఉన్న మనిషికి కూడా పదే పదే గడ్డలు లేవడానికి ఇదొక కారణం కావచ్చు.

మూలుగలో కథ వేరు. అక్కడ న్యూట్రోఫిల్‌గా మారబోయే పసి కణాలు ఊక రకం కాదు. వాటికి మైటోకాండ్రియా కావాలి, కొవ్వును కాల్చుకోవాలి. అవి విడిపోతూ పెరిగే కణాలు కాబట్టి, విభజనను దెబ్బతీసే ఏ మందైనా ముందు వాటికే తగులుతుంది.

అయితే కౌంట్ తగ్గింది మందుల వల్లా, జబ్బు వల్లా?

రెండిట్లో ఏదైనా కావచ్చు. ఒక్కోసారి రెండూ. మందు లేకుండా ముదిరిన హెచ్‌ఐవీ మూలుగను దెబ్బతీసి కౌంట్ తగ్గిస్తుంది. టీబీ మూలుగలోకి పాకినా తగ్గుతుంది. బీ12, ఫోలేట్ లోపం ఉన్నా తగ్గుతుంది. మందుల్లో అందరికన్నా పేరు పడ్డది జిడోవుడిన్, 1987లో అమెరికాలో అనుమతి పొందిన మొట్టమొదటి హెచ్‌ఐవీ మందు. న్యూట్రోఫిల్స్‌నీ హిమోగ్లోబిన్‌నీ కలిపి తగ్గించడం దానికి అలవాటు. సెప్ట్రాన్ అని మనవాళ్లు పిలిచే కోట్రిమాక్సజోల్ కూడా కొందరిలో తగ్గిస్తుంది. ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చే టీఎల్‌డీ, అంటే టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ కలిసిన మాత్రతో ఈ గొడవ బాగా తక్కువ.

కౌంట్ తగ్గిందని సొంతంగా మాత్ర ఆపేయడం మాత్రం వద్దు. 2006లో వెలువడిన స్మార్ట్ అనే పెద్ద అధ్యయనంలో 5,472 మంది ఉన్నారు. సీడీ4 బాగున్నప్పుడు మందు ఆపి, తగ్గినప్పుడు మళ్లీ మొదలుపెట్టిన గుంపులో జబ్బులూ చావులూ ఎక్కువయ్యాయి. మందు ఆపగానే రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో రేగే మంట) గుర్తులు పైకి ఎగబాకాయి. మందు మార్చాలా, మోతాదు తగ్గించాలా, మూలుగను లేపే ఇంజెక్షన్ ఇవ్వాలా అన్నది డాక్టర్ తేల్చాల్సిన విషయం.

న్యూట్రోఫిల్స్ ఎక్కువున్నయంటే బలమే గదా సారూ?

జడ్చర్ల నుంచి వచ్చిన ఒక పెద్దాయన అడిగాడు ఇది, రిపోర్టులో 82 శాతం చూసి సంబరంగా. ఆయన దగ్గుకు స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నాడు. స్టెరాయిడ్ వేసుకుంటే రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్న న్యూట్రోఫిల్స్ ఊడి రక్తంలోకి వచ్చేస్తాయి, కౌంట్ పెరిగినట్టు కనిపిస్తుంది. బలం పెరగలేదు, కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారంతే. బాక్టీరియా ఇన్ఫెక్షన్, టీబీ, సిగరెట్ అలవాటు, గట్టిగా పరుగెత్తి వచ్చి రక్తం ఇవ్వడం కూడా పెంచుతాయి.

న్యూట్రోఫిల్సే రోగనిరోధక శక్తిని అణచేస్తాయని విన్నాను, నిజమా?

కొంతవరకు నిజం. రక్తాన్ని ఒక ద్రవం మీద పోసి గిర్రున తిప్పితే మామూలు న్యూట్రోఫిల్స్ బరువుగా అడుక్కి పోతాయి. హెచ్‌ఐవీ ముదిరినవాళ్లలో కొన్ని మాత్రం తేలిగ్గా పైనే, లింఫోసైట్ల పొరలో తేలుతాయి. వీటి గుణం వేరు. ఇవి ఆర్జినేజ్ అనే ఎంజైమ్‌ను వదులుతాయి. అది చుట్టుపక్కల ఉన్న ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని తినేస్తుంది. సీడీ4 లాంటి టీ కణాలకు ఆర్జినిన్ కావాలి, లేకపోతే సంకేతం అందుకునే తీగ తయారవదు. పక్క చేనువాడు నీళ్లన్నీ మళ్లించుకుంటే మన మడి ఎండినట్టు.

దీనికి తోడు హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల న్యూట్రోఫిల్స్ మీద పీడీ-ఎల్1 అనే ప్రోటీన్ ఎక్కువగా కనిపించింది. టీ కణం మీద ఉన్న బ్రేకును అది నొక్కుతుంది. క్యాన్సర్ చికిత్సలో ఇప్పుడు అందరూ మాట్లాడుకునే బ్రేకు అదే.

శరీరం ఇదంతా కావాలని చెడు చేయడానికి పెట్టుకోలేదు. మంట పెరిగినప్పుడు ఆర్పడానికి పెట్టుకున్న ఏర్పాటు ఇది. నెలలూ ఏళ్లూ మంట ఆరకపోతే ఆర్పేవాళ్లే ఇల్లు తడిపి పాడు చేస్తారు.

ఆ మంట ఆరకుండా ఎందుకుంటుంది?

పెద్ద కారణం పేగు. ఇన్ఫెక్షన్ మొదటి వారాల్లోనే వైరస్ పేగు గోడలోని సీడీ4 కణాలను తుడిచిపెడుతుంది. అందులో ఐఎల్-17 అనే సంకేత ప్రోటీన్ వదిలే రకం ముఖ్యం. పేగు గోడను గట్టిగా ఉంచేది, న్యూట్రోఫిల్స్‌ను సరైన చోటికి పిలిచేది అవే. అవి పోయాక గట్టు తెగిన చెరువులాగా బాక్టీరియా ముక్కలు రక్తంలోకి కారుతుంటాయి. ఆ ముక్కలను చూసి న్యూట్రోఫిల్స్ రేగుతాయి. మందులు వాడుతున్నా గట్టు పూర్తిగా పూడదు, కానీ కారుడు బాగా తగ్గుతుంది.

వైరల్ లోడ్ కనిపించట్లేదు అన్నారు. న్యూట్రోఫిల్స్ పూర్తిగా మామూలైనట్టేనా?

చాలావరకు. కౌంట్ కోలుకుంటుంది, మింగే శక్తి మెరుగవుతుంది. కొంత ఇన్‌ఫ్లమేషన్ మిగులుతుంది, దాని బరువు ఎక్కువగా గుండె, రక్తనాళాల మీద పడుతుంది. 2023లో ఫలితాలు వచ్చిన రిప్రీవ్ ట్రయల్‌లో 12 దేశాల నుంచి, మన దేశంతో సహా, 7,769 మంది ఏఆర్‌టీ వాడేవాళ్లున్నారు. వాళ్లలో సగం మందికి పిటవాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర ఇచ్చారు. గుండెపోటు, పక్షవాతం లాంటివి ఆ గుంపులో 35 శాతం తగ్గాయి. 40 దాటినవాళ్లు ఈ మాట డాక్టర్‌తో ఎత్తితే తప్పులేదు. బీడీ మానేయడం గురించి ఎత్తాల్సిన పని కూడా లేదు, నేరుగా మానేయడమే.

న్యూట్రోఫిల్స్ చక్కెరతో నడుస్తాయి కదా, గ్లూకోజ్ పొడి తాగితే బలమా?

లేదు. మనం ఎంత తాగినా రక్తంలో గ్లూకోజ్‌ను శరీరం ఒక హద్దులో పెడుతుంది. ఆ హద్దు దాటిందంటే షుగర్ జబ్బే. షుగర్ అదుపు తప్పితే న్యూట్రోఫిల్స్ ఇంకా మందకొడి అవుతాయి, కదలవు, మింగవు. షుగర్ ఉన్నవాళ్ల కాలి పుండు మానకపోవడంలో వీటికీ వాటా ఉంది. డోలుటెగ్రవిర్ వాడేవాళ్లలో కొందరికి బరువు, అరుదుగా షుగర్ పెరుగుతాయి కాబట్టి ఆ పరీక్ష కూడా చేయించుకోండి.

ఏం తినాలి? కల్లు తాగొచ్చా?

జొన్న రొట్టె, పప్పు, ఆకుకూర, గుడ్డు, కుదిరినప్పుడు మాంసం. బీ12 మాంసం, గుడ్లు, పాలల్లోనే ఉంటుంది, ఫోలేట్ ఆకుకూరల్లో. న్యూట్రోఫిల్స్ పెంచే రసం అని చెప్పి వాట్సాప్‌లో తిరిగేవాటి మీద డబ్బులు పెట్టకండి.

కల్లు సంగతి సూటిగా చెబుతాను. మద్యం ఎక్కువైతే మూలుగ మీద నేరుగా దెబ్బ. దానికి తోడు పాలమూరు, నల్గొండ వైపు మత్తు మందులు కలిపిన కల్లు కేసులు ఏళ్లుగా చూస్తున్నాం. అది అలవాటైనవాళ్లు ఒక్కసారిగా మానేసినా ఫిట్స్ వస్తాయి, కాబట్టి డాక్టర్‌కు చెప్పి మానాలి.

టీబీ ఉంటే?

మన దగ్గర హెచ్‌ఐవీ ఉన్నవాళ్లను ఎక్కువగా పట్టేది టీబీనే. న్యూట్రోఫిల్స్ అక్కడ రెండువైపులా పదునున్న కత్తి. ఊపిరితిత్తిలోకి గుంపులుగా చేరి, తాము వదిలే ఎంజైమ్‌లతో ఊపిరితిత్తి కండనే కరిగిస్తాయి. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, వీటిలో ఏది ఉన్నా ఏఆర్‌టీకి వెళ్లిన రోజే చెప్పండి.

బొంబాయి, పూణె పనికి పోతున్నాం. పరీక్షలు, మందులు ఎట్లా?

పోయే ముందు సెంటర్‌లో చెబితే బాగున్నవాళ్లకు కొన్ని నెలల మందు ఒకేసారి ఇచ్చే వీలుంది, లేదా అక్కడి సెంటర్‌కు బదిలీ రాయించుకోవచ్చు. ఏఆర్‌టీ బుక్, పాత సీబీపీ రిపోర్టులు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. అక్కడి డాక్టర్‌కు ఒక్క అంకె కన్నా ఆరు నెలల అంకెలు ఎక్కువ చెబుతాయి. ఎక్కడికి పోవాలో తెలియకపోతే 1097కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

సీబీపీ చూసి ల్యాబ్‌వాళ్లు హెచ్‌ఐవీ ఉందని పసిగడతారా?

లేదు. సీబీపీలో ఆ సమాచారం ఉండదు. మీ అనుమతి లేకుండా మీ స్థితి ఇంకొకరికి చెప్పడాన్ని 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం మామూలుగా నిషేధిస్తుంది, ఆ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. రక్తం తీసేవాళ్లకు మీరు చెప్పాల్సిన పని లేదు, ఎవరి రక్తమైనా మేం గ్లౌజులు వేసుకునే తీయాలి. మందు రాసే డాక్టర్‌కు మాత్రం ఏఆర్‌టీ వాడుతున్నామని చెప్పండి, మందుల మధ్య గొడవలుంటాయి.

కణం మెటబాలిజం కొలిచే పరీక్ష మన దగ్గర చేస్తారా?

రోగుల కోసం అలాంటి పరీక్ష వాడుకలో లేదు. పరిశోధన సంస్థల్లో ఉంటుంది. ఎవరైనా ఇమ్యూనిటీ ప్యాకేజీ అని వేలు అడిగితే లేచి వచ్చేయండి.

కౌంట్ తక్కువున్నప్పుడు దేనికి భయపడాలి?

జ్వరానికి. 500 లోపు ఉన్నప్పుడు 101 డిగ్రీల జ్వరం వస్తే రేపటి దాకా ఆగొద్దు, రాత్రయినా జిల్లా ఆస్పత్రికి పోవాలి. న్యూట్రోఫిల్స్ లేనప్పుడు చీము పట్టదు, ఎర్రబడదు, నొప్పి కూడా తక్కువే. పైకి ఏమీ లేనట్టు ఉండి లోపల ముదురుతుంది.

కౌంట్ తక్కువ వస్తే మళ్లీ రక్తం ఇమ్మంటారెందుకు?

ఒక్క రిపోర్టును నమ్మొద్దు కాబట్టి. ఒక మే నెలలో దేవరకొండ వైపు కలెక్షన్ పాయింట్ నుంచి ఊదా మూత ట్యూబులు వచ్చాయి. తెచ్చే కుర్రాడు వాటిని బండి డిక్కీలో పెట్టి, పెళ్లి భోజనానికి ఆగి, సాయంత్రం చేర్చాడు. ఒక ట్యూబుకు మిషన్ న్యూట్రోఫిల్స్ 1,050 అని చూపించింది. స్లైడు వేసి చూశాను. నేను చెప్పిన ఆ ముక్కలూ దారాలూ లేవు. కేంద్రకాలన్నీ గుండ్రటి నల్ల చుక్కలైపోయాయి, కొన్ని కణాలు చిట్లి మరకల్లా ఉన్నాయి. రిపోర్టు ఆపి ఆ మనిషికి ఫోన్ చేశాను. మందులు ఆపేస్తారేమోనన్న టెన్షన్‌తో మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వచ్చాడు. ఎదురుగా కూర్చోబెట్టి తీసి, పది నిమిషాల్లో మిషన్‌లో పెట్టాం. 1,900.